ప్రోటాన్ బీటా విలువ ఫిట్‌లో నిలవడం లేదు

ప్రశ్న:
కాంప్టన్ పరిక్షేపణానికి (ఫోటాన్ ప్రోటాన్‌ను తాకి దారి మళ్లడం) సిమ్యులేషన్ నడుస్తోంది. 80–140 ఎంఈవీ ఫోటాన్లు, 10 సెం.మీ. ద్రవ హైడ్రోజన్ టార్గెట్. విద్యుత్ క్షేత్రంలో ప్రోటాన్ ఎంత సాగుతుందో చెప్పే విద్యుత్ ధ్రువణశీలత ఆల్ఫా 11 దగ్గర కుదురుగా వస్తోంది (యూనిట్ 10⁻⁴ ఘన ఫెర్మీ). అయస్కాంత క్షేత్రానికి అలాంటిదే అయిన అయస్కాంత ధ్రువణశీలత బీటా మాత్రం 0 నుంచి 5 దాకా ఊగుతోంది. ఈవెంట్లు పెంచితే సరిపోతుందా? ఫోటాన్ తాకిడికి ఎగిరిపడే ప్రోటాన్‌నీ పట్టుకుంటే బ్యాక్‌గ్రౌండ్ తగ్గుతుందా అండీ?

జవాబు 1:
ఈవెంట్లు పెంచి లాభం లేదండీ, ముందు ఫ్లక్స్ (టార్గెట్‌పై పడే ఫోటాన్ల లెక్క) చూడండి. ఫోటాన్ 90 డిగ్రీలకు తిరిగే చోట ఆల్ఫా ఒక్కటే పనిచేస్తుంది, 100 ఎంఈవీ వద్ద క్రాస్ సెక్షన్‌ను (పరిక్షేపణ జరిగే అవకాశానికి కొలత) స్టెరేడియన్‌కు 3 నానోబార్న్‌ల పైచిలుకు తగ్గిస్తుంది. అందుకే అది నిలబడింది. వెనకవైపు కనిపించేది ఆల్ఫా మైనస్ బీటా. 150 డిగ్రీల వద్ద బీటా ఒక యూనిట్ మారితే కదిలేది 0.4 నానోబార్న్ మాత్రమే. ఫోటాన్ ఫ్లక్స్‌లో మూడు శాతం తప్పుంటే ఆ యూనిట్ కాస్తా కొట్టుకుపోతుంది. ట్యాగింగ్ ఎఫిషియెన్సీని (ట్యాగర్ లెక్కించిన ఫోటాన్లలో టార్గెట్ దాకా చేరేవాటి వంతు) తక్కువ బీమ్‌తో, లెడ్ గ్లాస్ డిటెక్టర్ పెట్టి తరచూ కొలవాల్సింది ఇందుకే.

వేరే కొలతల నుంచి వచ్చే బాల్డిన్ నియమం కూడా వాడండి: అదే యూనిట్లలో ఆల్ఫా, బీటాల మొత్తం 13.8. ఇంకో మాట, ఫోటాన్ శక్తి స్క్వేర్ పదం దాకానే లెక్కించి ఆపేసే సూత్రాన్ని 100 ఎంఈవీ దాటాక నమ్మవద్దు. అక్కడ ఇంకా పూర్తి లెక్కలైన డిస్పర్షన్ రిలేషన్లతోనో, కైరల్ సిద్ధాంతంతోనో ఫిట్ చేయాలి.

జవాబు 2:
ప్రోటాన్ సంగతి: 100 ఎంఈవీ ఫోటాన్ 90 డిగ్రీలకు తిరిగితే ప్రోటాన్‌కు దక్కేది 9.6 ఎంఈవీ. అది ద్రవ హైడ్రోజన్‌లో సెంటీమీటరు లోపే ఆగిపోతుంది, చాలావరకు బయటికే రాదు. ఫోటాన్ ఒక్కదాన్నే నమ్ముకోవాలి గనుక టార్గెట్ కిటికీల నుంచి వచ్చే ఈవెంట్లు కలిసిపోతాయి. ఖాళీ టార్గెట్‌తో విడిగా రన్ నడిపి, ఆ లెక్కను మినహాయించండి. ట్యాగర్ (ఒక్కో ఫోటాన్ శక్తిని, సమయాన్ని గుర్తించే పరికరం) టైమింగ్‌లో యాదృచ్ఛికంగా కలిసినవాటినీ తీసేశాక మిస్సింగ్ మాస్ (కనబడని కణానికి లెక్కగట్టిన ద్రవ్యరాశి) శిఖరం ప్రోటాన్ ద్రవ్యరాశి అయిన 938 ఎంఈవీ దగ్గర నిలబడాలి. ఫోటాన్ శక్తిని 145 ఎంఈవీ దాటనివ్వకండి. దాటితే పై-జీరో అనే కణం పుట్టి, దాని రెండు ఫోటాన్లలో ఒకటి తప్పిపోతే అచ్చం కాంప్టన్‌లాగే కనిపిస్తుంది.

ప్రశ్న వేసినవారు:
బాల్డిన్ పెడితే బీటాను కొలిచినట్టా, లెక్కగట్టినట్టా?

జవాబు 1:
మీ సందేహం న్యాయమైనదే. పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి, రెండు ఫిట్లూ చూపించండి. రేఖీయ ధ్రువణ బీమ్‌తో అసిమెట్రీ (రెండు ధ్రువణ దిశల ఈవెంట్ల తేడాను మొత్తంతో భాగించినది) కొలిస్తే ఫ్లక్స్ తప్పు నిష్పత్తిలో కొట్టేసుకుపోతుంది, తక్కువ శక్తి వద్ద అది ప్రధానంగా బీటాకే స్పందిస్తుంది. జర్మనీలోని మైంజ్ ప్రయోగంలో డైమండ్ రేడియేటర్ (ఎలక్ట్రాన్ల నుంచి ఫోటాన్లను పుట్టించే పలక) పెట్టింది ఆ ధ్రువణం కోసమే. అయినా 2022లో మైంజ్ బీటా 3.14 వచ్చింది, అదే ఏడు అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో HIγS అనే గామా కిరణ కేంద్రపు ఫోటాన్ బీమ్‌తో 0.2 వచ్చింది, దాని గణాంక దోషమే 1.2. మీ ఫిట్ ఊగడం మీ ఒక్కరి కోడ్ తప్పే అయ్యుండనక్కర్లేదు.