కర్నూలు సదస్సులో సన్మానానికి ఫీడ్‌బ్యాక్ మార్కులే కొలమానమా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
మన శిక్షకుల సంఘం వార్షిక సదస్సు ఈసారి కర్నూలులో జరుగుతోంది. ఉత్తమ సభ్యుల సన్మానానికి కమిటీ పెట్టిన నిబంధనలు అందరికీ వచ్చే ఉంటాయి. ఏడాదిలో 20 తరగతులు చెప్పి ఉండాలి, ప్రతి తరగతికీ ఫీడ్‌బ్యాక్ పత్రాలు జతచేయాలి, సగటు 5కు 4.5 దాటాలి, దరఖాస్తు ఎవరికి వారే పెట్టుకోవాలి. ఈ చివరిది నాకు మింగుడుపడటం లేదు. సన్మానం అడిగి చేయించుకునేదా? సంఘమే వెతికి, ఇంటికి వెళ్లి పిలవాలి.

బురుజు (కర్నూలు):
కమిటీలో ఉన్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. వెతికేది ఎవరండీ? ఇదివరకు సదస్సు ముందురోజు రాత్రి నలుగురు పెద్దలు ఒక గదిలో కూర్చుని పేర్లు రాసేవారు. వారికి తెలిసినవారే ఉత్తములు. ఆలూరు నుంచో ఆదోని నుంచో వచ్చే కొత్త సభ్యుడి ముఖం కూడా వారికి తెలియదు. దరఖాస్తు పెట్టాక అతనికీ ఒక దారి దొరికింది. పద్మ పురస్కారాలకు కూడా ఎవరి పేరు వారే ప్రతిపాదించుకోవచ్చు. అందువల్ల పద్మశ్రీ విలువ తగ్గిందా?

వేరుశనగ (అనంతపురం):
బురుజు గారి మాటే నాదీ. కాగితం ఉంటే ఎవరూ మాట పడనక్కరలేదు.

నాపరాయి (తాడిపత్రి):
దరఖాస్తు సరే, పత్రాల సంగతి తేల్చండి. మా ఊళ్లో ఒక సభ్యుడు గ్రానైటు కోత యూనిట్లలో భద్రత నేర్పుతారు. షిఫ్టు దిగాక కార్మికులను రంపం దగ్గరే నిలబెడతారు. ముందు నీళ్లు కట్టేసి రాయి కోయిస్తారు. తెల్లని దుమ్ము లేచి అందరి కనురెప్పల మీదా వాలుతుంది. తర్వాత నీళ్లు వదిలి కోయిస్తారు. దుమ్ము బురదై కిందికి జారిపోతుంది. ఆపైన ఒకరి ముక్కుకు కట్టిన తువ్వాలు విప్పించి లోపలివైపు చూపిస్తారు. అక్కడా తెలుపే. సన్నని రాతి దుమ్మును గుడ్డ ఆపదని, అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుందని, వస్తే నయం కాదని చెప్పడానికి ఆయనకు పది నిమిషాలు చాలు. ఆరు నెలల తర్వాత ముందుగా చెప్పకుండా మళ్లీ వెళతారు. ఎంతమంది మాస్కు పెట్టారో, ఎన్ని రంపాలకు నీళ్లు వస్తున్నాయో నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఆ కార్మికుల్లో చాలామందికి చదువు రాదు. 4.5 ఎక్కడినుంచి తేవాలి?

బురుజు:
పక్కన ఒకరిని కూర్చోబెట్టి, అడిగి రాయించాలి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు కూలీలకు తరగతి చెప్పినప్పుడు నేను అలాగే చేశాను. పని గొప్పదే, కాదనను. పత్రం ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

గడప (కడప):
ఆ పత్రాలు ఎలా నిండుతాయో మనందరికీ తెలుసు. పోయిన నెల ఒక కాలేజీలో సాయంత్రం తరగతి ముగించాను. బస్సు వెళ్లిపోతుందని పిల్లలు గుమ్మం దగ్గరే నిలబడి, ఒకే పెన్ను చేతులు మార్చుకుంటూ వరుసగా 5లు చుట్టి ఇచ్చారు. ఒకమ్మాయి నా పేరు రాయాల్సిన చోట తన పేరు రాసింది. నాకు 4.9 వచ్చింది. శిక్షణ ఎంత పనిచేసిందో కొలవడానికి కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లను మనమే బోర్డు మీద గీసి బోధిస్తాం కదా: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, ఫలితం కనబడిందా. పత్రం చెప్పేది మొదటిది మాత్రమే. తాడిపత్రి ఆయన పుస్తకంలో ఉన్నది మూడో మెట్టు.

బురుజు:
మొదటి మెట్టుకే ఆధారం చూపలేనివారు మూడో మెట్టు గురించి మాట్లాడటం సరికాదు మేడం.

వేరుశనగ:
పత్రం ఒక పేజీయే కదా. ఇంత రాద్ధాంతం ఎందుకు?

గడప:
ఆధారమా? రెండేళ్ల క్రితం నాకూ సన్మానం జరిగింది. మీ నిబంధనలన్నీ దాటే వచ్చాను. పురుష సభ్యులను పొద్దున అతిథి ఉండగా పిలిచారు. మా ముగ్గురు మహిళలను భోజనాల తర్వాత పిలిచారు. ముందు వరుసలో కుర్చీలు మడిచేస్తున్నారు. నా ఇంటిపేరు తప్పు చదివారు. ఫోటో తీసేవాడు అన్నం తినడానికి వెళ్లాడు. ఆ శాలువా ఈరోజుకీ ప్లాస్టిక్ కవరులోంచి తీయలేదు. ఫోటో లేదు కాబట్టి బ్రోచరులో వేసుకోవడానికీ ఏమీ లేదు. పొద్దున సన్మానం పొందినవారు ఆ ఏడాదే తమ రోజువారీ ఫీజు పెంచారు. నాకు మాత్రం అదే కాలేజీ పాత ఫీజుకే పని ఇచ్చింది.

హంద్రీ ఒడ్డు:
అమ్మా, ఇది మాకు తెలియదు. చాలా బాధగా ఉంది.

బురుజు:
ఫీజు మాట వచ్చింది కాబట్టి నేనూ దాచను. పద్నాలుగేళ్లు తరగతులు చెప్పినా ఏ కాలేజీ తనంతట తానుగా నన్ను పిలవలేదు. సన్మానం జరిగిన ఏడాది ఫోను మోగడం మొదలైంది. ప్రతి ప్రిన్సిపాలూ ఒకటే అడిగారు: "ఏ ఆధారంతో ఇచ్చారండీ?" పత్రాలు చూపించాను కాబట్టి పని వచ్చింది. మా అబ్బాయి చదువు ఆ పనితోనే గడిచింది. అందుకే పత్రం వదలను. ఈ సన్మానం మనకు అన్నం పెడుతోంది. జాలితోనో అభిమానంతోనో పేర్లు చేరిస్తే రేపు దాన్ని ఎవరూ నమ్మరు.

హంద్రీ ఒడ్డు:
అంటే మీరు కాలేజీలను నమ్మించడానికి ఇస్తున్నారు, నేను కృతజ్ఞతగా ఇవ్వమంటున్నాను. పొద్దుటినుంచి మనం వాదిస్తున్నది వేరువేరు వాటి గురించి.

నాపరాయి:
తాడిపత్రి ఆయనకు కాలేజీ పిలుపులు అక్కరలేదు. యూనిట్ యజమానులు లోపలికి రానిస్తే చాలు. సంఘం పేరు వెనక ఉంటే గేటు దగ్గర ఆపరు. ఆయనకు సన్మానం అందుకే కావాలి.

బురుజు:
అలాగైతే ఆ నోటు పుస్తకం తెమ్మనండి. పత్రాల బదులు అదే చూస్తాను. కమిటీలో నేనే మాట్లాడతాను.

నాపరాయి:
పుస్తకం ఇవ్వరండీ. ఎవరికి దగ్గు వస్తోందో కూడా పేర్లతో సహా అందులో రాసుకున్నారు. అది ఒక్క యజమాని కంటపడినా మర్నాడు వారికి పని ఉండదు.

బురుజు:
పేర్ల మీద కాగితం అంటించి చూపించమనండి. సోమవారం దాకా జాబితా ఆపుతాను.

గడప:
సన్మానాలు ఈసారి భోజనాలకు ముందా, తర్వాతా? దీనికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.