దసరా దాటినా తెమలని మిద్దెతోట పనులు: ఏది ముందు చేయాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం మేడ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా రెండంతస్తుల ఇంటి మిద్దె మీద కుండీలు, టబ్బులు అన్నీ కలిపి అరవై రెండు ఉన్నాయి. కింద ప్రహరీ గోడ పక్కన నాలుగడుగుల వెడల్పున కొంచెం మట్టినేల కూడా ఉంది. నేనూ మావారూ ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే కాబట్టి తోటకు దక్కేది ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు మాత్రమే. మిగిలిన రోజుల్లో నీళ్లు పోయగలిగితే అదే గొప్ప.

వానాకాలంలో వెనకబడిన పనులన్నీ దసరా సెలవుల్లో తెమల్చుకోవాలని అనుకున్నాను. నాలుగు రోజుల సెలవుల్లో రెండు రోజులు చుట్టాలతోనూ ఇంద్రకీలాద్రి క్యూలోనూ గడిచిపోగా, మూడో రోజు తెల్లవారుజాము నుంచే వాన పట్టుకుంది. సెలవులకు ముందు రోడ్డు పక్కన కొన్న ఇరవై నాలుగు కాలీఫ్లవర్ మొక్కలను అప్పటికే నాటి ఉన్నాను. వాన తెరిపి ఇచ్చాక వెళ్లి చూస్తే పందొమ్మిది మొక్కలు పడిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి కానీ, కాండం సరిగ్గా మట్టిని ఆనుకున్న చోట నీరు పట్టి, దారంలా సన్నబడి, వేలు తగిలితే ఊడి వచ్చింది.

తుంగ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైకి లాగితే మెడ దగ్గర టక్కున తెగుతుంది, ఐదు రోజులకు మళ్లీ రెండు వేళ్ల ఎత్తున నిలబడుతుంది. చామంతి కుండీలు ఎనిమిది ఉంటే, మెట్లగది వెనక ఉన్న నాలుగింటికి కందిగింజంత మొగ్గలు వచ్చాయి. రోడ్డు వైపు పిట్టగోడ దగ్గరున్న నాలుగింటికి ఆకు తప్ప మొగ్గ లేదు. మట్టీ ఎరువూ నీళ్లూ అన్నింటికీ ఒకటే. మిరప మొక్కల ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి. గులాబీలు కర్రల్లా సాగిపోయాయి. మల్లెను ఇప్పుడే కత్తిరించమని మా అత్తగారు, వద్దని పక్కింటివారు చెబుతున్నారు.

శరత్కాలపు తోటపని అని వీడియోల్లో వెతికితే రాలిన ఆకులను పోగుచేయడం, మంచు పడకముందే మొక్కలను ఇంట్లోకి చేర్చడం చూపిస్తున్నారు. మనకు ఆకు రాలేది శిశిరంలో కదా. ఆశ్వయుజంలో ఇక్కడ ఊడ్చేందుకు ఆకు లేదు, పీకేందుకు కలుపు మాత్రం కావలసినంత ఉంది. వారానికి మూడు గంటల్లో వీటిలో ఏది ముందు చేయాలో, దేన్ని ఈ ఏటికి వదిలేయవచ్చో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: బ్రాడీపేట పెరడు (గుంటూరు)

అమ్మా, మీరు రాసిన పనుల్లో కొన్ని ఇప్పుడు చేయవలసినవే కావు కాబట్టి, ముందు వాటిని తీసేస్తే మీ బరువు కొంత తగ్గుతుంది. మల్లెను ఇప్పుడు ముట్టుకోవద్దు. మైలవరం వైపు మల్లెతోటల్లో కూడా చలి ముదిరాక నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాతే ఎరువు వేసి నీరు పెడతారు. ఇప్పుడు కత్తిరిస్తే మిగిలిన వానలకు లేత కొమ్మలు పెరుగుతాయే తప్ప వేసవి పూత పెరగదు. కత్తెర మార్గశిరం తరువాత తీద్దామని మీ అత్తగారితో చెప్పండి, ఆవిడ మాటా కాదన్నట్టు ఉండదు.

రెండో సంగతి, దసరాతో వానలు అయిపోయాయని మనం అనుకుంటాం కానీ మన కోస్తాలో వాన పోదు, వచ్చే దిక్కు మారుతుంది. నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యలో వెనుదిరిగితే, మామూలుగా 20వ తేదీ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. డిసెంబరు మొదటి వారం దాకా తుఫాను భయం ఉండనే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో విరగకాసిన చిక్కుడు పందిరి పందిరిలాగే ఒరిగి బొప్పాయి చెట్ల మీద పడింది. పందిరి గుంజలను మూరెడు లోతున పాతి ఊరుకోవడమే అక్కడ నేను చేసిన తప్పు. అందువల్ల మీకు అన్నింటికంటే ముందు పని మిద్దె మీద నీళ్లు పోయే తూములు. కుండీల నుంచి కారిన మట్టీ ఎండుటాకులూ చేరి తూము మూసుకుంటే ఒక్క రాత్రి వానకు మిద్దెంతా చెరువవుతుంది, కుండీల అడుగు రంధ్రాల నుంచి నీరు పోవడానికి బదులు లోపలికి పీల్చుకుంటుంది. ప్రతి కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చేయండి. పిట్టగోడ మీద కుండీలేమైనా ఉంటే ఈ ఆదివారమే కిందికి దించండి.

మీ కాలీఫ్లవర్ మొక్కలకు వచ్చినది నారుకుళ్లు. ఆకు పచ్చగా ఉండగానే మొదలు నీరు పట్టి సన్నబడిందని మీరు రాసిన వాక్యంతోనే తెలిసిపోయింది. తడి ఆరని మట్టి, ఒత్తుగా పెంచిన నారు, లోతుగా నాటడం, ఈ మూడూ కలిస్తే అది తప్పదు. మిగిలిన ఐదింటికి లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రాలను చంపే మందు) కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. ఖాళీ అయిన టబ్బుల్లో బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా విరిడి కలపవచ్చు. అయితే ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కనుక, మందు పోసిన కుండీలో పదిహేను రోజులైనా ఆగకుండా దాన్ని కలిపితే డబ్బు దండగ. మళ్లీ నారు కొనేటట్టయితే అది ఏ రకమో అడిగి కొనండి. కాలీఫ్లవర్‌లో ముందు కాలపు రకాలు, ఆలస్యపు రకాలు వేరు వేరుగా ఉంటాయి. ముందు కాలపు రకాన్ని చలిలోకి నాటితే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది, ఆలస్యపు రకాన్ని వేడిలో నాటితే ఆకే తప్ప పువ్వు కట్టదు. పేరు చెప్పలేని నారును నేనైతే కొనను.

గుంటూరువాడినై ఉండి మిరప గురించి రాయకపోతే బాగుండదు. ఆకు పైకి ముడుచుకుంటే పైముడత అంటారు, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, అది నల్లి పని. రెండింటికీ ఒకే మందు కొట్టి గుణం కనిపించలేదనేవాళ్లను నా ఉద్యోగకాలంలో ఎందరినో చూశాను. మీది పైముడత. కుండీల మధ్య నీలిరంగు జిగురు అట్టలు కట్టి, సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిసేలా వేపనూనెను లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల చొప్పున కొంచెం సబ్బు నీళ్లతో కలిపి వారానికోసారి కొట్టండి. మరీ ముడుచుకుపోయిన చివుళ్లను తుంచి పారేయండి.

సమాధానం: పటమట మూడో అంతస్తు (విజయవాడ)

పై సమాధానంతో దాదాపు ఏకీభవిస్తున్నాను కానీ చామంతి సంగతి వారు ప్రస్తావించలేదు కాబట్టి అది నేను రాస్తాను. మీ రోడ్డు వైపు పిట్టగోడ మీద రాత్రంతా వీధి దీపం గానీ, ఎదురు అపార్టుమెంటువారి ఫ్లడ్‌లైటు గానీ పడుతోందేమో ఒకసారి రాత్రి పది గంటలకు వెళ్లి చూడండి. చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే మొగ్గ తొడిగే మొక్క. రాత్రి వెలుగు పడుతూ ఉంటే దానికి పగలు ఇంకా అయిపోలేదన్నట్టే లెక్క, అందుకే ఆకు వేస్తూ పోతుంది. పూలతోటలవాళ్లు పంటను ఆలస్యం చేయాలనుకున్నప్పుడు రాత్రిళ్లు బల్బులు వెలిగించేది కూడా ఇందుకే. మా ఇంట్లో రెండేళ్ల క్రితం ఇదే జరిగింది. వాటా గోడకు కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ దీపం కింద ఉన్న ఆరు కుండీలకు కార్తీక పౌర్ణమి వచ్చినా మొగ్గ లేదు. వాటిని నీళ్ల ట్యాంకు వెనక చీకట్లోకి మార్చాక నాలుగు వారాల లోపే చివుళ్ల నడుమ పచ్చటి గుండ్లు కనిపించాయి. ఈ లోపల గుబురు కావాలని తలలు మాత్రం తుంచకండి, ఆ పని శ్రావణంతోనే ఆపేయాలి.

తుంగ విషయంలో మాత్రం నాకున్న అనుభవం కటువైనది. పైనుంచి పీకినంత కాలం మనం దానికి క్షవరం చేస్తున్నట్టే, ఎందుకంటే మట్టిలో గడ్డకు గడ్డ గొలుసులా అల్లుకుని ఉంటుంది. వారానికి రెండు టబ్బుల చొప్పున పట్టా మీద బోర్లించి, మట్టిని ఒక పూట ఆరనిచ్చి, ఇసుక జల్లెడతో జల్లించి గడ్డలను ఏరేయడం తప్ప నాకు పనిచేసిన ఉపాయం ఇంకొకటి లేదు. ఒక్కో టబ్బుకు ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి టబ్బులో నేను ఏరిన గడ్డలు టీ గ్లాసు నిండాయి! కింద మట్టినేలలో జల్లెడ సాధ్యం కాదు కాబట్టి, మొలక వచ్చి మూడు వారాలు కాకముందే, అంటే కొత్త గడ్డ కట్టకముందే, బొరిగెతో కోస్తూ పోవాలి. ఏరిన గడ్డలను కంపోస్టులో వేశారో, ఆ కంపోస్టుతో పాటు మళ్లీ మీ కుండీల్లోకే వస్తాయి.

గులాబీ కత్తిరింపుకు రెండు మూడు రోజులు పొడి ఎండ ఉన్న సమయం చూసుకోండి. ఎండిన, నల్లబడిన కొమ్మలను పచ్చి భాగం కనిపించేదాకా తీసేసి, బయటి వైపు చూసే కన్నుకు (చివురు వచ్చే కణుపుకు) కొంచెం పైన ఏటవాలుగా కోసి, కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాయాలి. ఒక ఏడాది నాకు తీరిక లేక రోజుకూలికి ఒక మనిషిని పెట్టుకుంటే, అతను వాన పడుతుండగానే పదకొండు గులాబీలనూ ఒకే ఎత్తుకు, కంచె కత్తిరించినట్టు కత్తిరించి వెళ్లాడు. వాటిలో నాలుగు పైనుంచి నల్లబడుతూ వచ్చి సంక్రాంతికి మొదలంటా ఎండిపోయాయి. తప్పు పక్కన నిలబడి చూపించని నాదే.

వదిలేయవలసినది ఏమిటని అడిగారు. ఈ ఏటికి కాలీఫ్లవర్ వదిలేయండి. నారు పోసి, నాటి, మందు పోసి, పురుగు ఏరే పంట వారానికి మూడు గంటలవాళ్లకు సరిపడదు. ఖాళీ టబ్బుల్లో పాలకూర, మెంతి, ముల్లంగి నేరుగా విత్తండి. మెంతి మూడు నాలుగు వారాల్లో, పాలకూర నెలకు, ముల్లంగి నెలన్నరకు చేతికి వస్తాయి. అన్ని టబ్బులూ ఒకే రోజు విత్తకుండా వారానికి రెండు టబ్బులు, అంటే ఆ వారం తుంగ జల్లించిన రెండు టబ్బుల్లోనే విత్తితే, ఒక వాన ముంచినా మొత్తం పోదు. ఏ వారమూ మానకూడని పని ఒక్కటే, కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీటిని పారబోయడం. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు చాలు.

సత్యనారాయణపురం మేడ

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి పైకి వెళ్లి చూశాను. ఎదురింటివారి గేటు దీపం సరిగ్గా ఆ నాలుగు కుండీల మీదే పడుతోంది, దాని వెలుగులో పేపరు చదవవచ్చు. కుండీలను మెట్లగది వెనక్కి మార్చాం. తూముల్లో ఒకదాని నుంచి దోసెడు మట్టి, ఒక చెంచా, మా అబ్బాయి పోగొట్టుకున్న బంతి బయటపడ్డాయి. ఇంకొక్క సందేహం ఉంది. ప్రతి ఏటా కార్తీకం ముగిసేసరికి మా కోటలోని తులసి సగం ఎండిపోతోంది. అది చలి వల్లేనా?

సమాధానం: కొరిటెపాడు వీధి చివర (గుంటూరు)

చలి ఒక కారణం కావచ్చు కానీ, మా ఇంట్లో మాత్రం అది దీపాల వల్ల జరిగింది. క్షీరాబ్ది ద్వాదశి నాడు ఉసిరి కొమ్మను కోటలోనే గుచ్చి, మొక్క మొదట్లోనే ప్రమిదలు పెట్టి, నెల పొడవునా పాలూ పసుపూ అక్కడే పోసేవాళ్లం. సెగకు కింది ఆకులు మాడాయి, ఒలికిన నూనె మట్టి మీద పొరలా పేరుకుని నీరు దిగలేదు. ఇప్పుడు ప్రమిదలను కోట అంచు మీద, కొమ్మలకు జానెడు దూరంలో పెడుతున్నాం, ఉసిరి కొమ్మకు పక్కనే వేరే కుండీ పెట్టాం, అభిషేకానికి ఒక చెంచాడు పాలే వాడుతున్నాం. వెన్నులు ముదిరి గింజ కట్టకముందే తుంచేయండి; పూజకు పనికివస్తాయి, మొక్కా కొత్త చివుళ్లు వేస్తుంది. నెల మొదట్లోనే రెండు కొమ్మలను నీళ్ల గ్లాసులో పెట్టి వేరు రానిస్తే, ఒకవేళ పాతది పోయినా మార్గశిరంలో కోట ఖాళీగా ఉండదు.