నామ్‌ఫ్రెల్ తరహా సమాంతర లెక్కింపు మన దగ్గర ఎందుకు జరగలేదు?

గుడివాడ పాఠకుడు:

1986 ఫిబ్రవరి 7న ఫిలిప్పీన్స్‌లో జరిగిన అధ్యక్ష ఎన్నిక గురించి చదువుతుంటే ఒకే ఎన్నికకు రెండు వేర్వేరు లెక్కలు కనిపించాయి. ఆ దేశ జాతీయ శాసనసభ ప్రకటించిన ఫలితం ప్రకారం అప్పటి అధ్యక్షుడు మార్కోస్‌కు 1,08,07,197 ఓట్లు, ప్రత్యర్థి కొరజాన్ అక్వినోకు 92,91,761 ఓట్లు వచ్చాయి. నామ్‌ఫ్రెల్ అనే పౌర సంఘం లెక్కలో మాత్రం అక్వినోకు 78,35,070, మార్కోస్‌కు 70,53,068 ఓట్లు ఉన్నాయి. జీతం భత్యం లేని కార్యకర్తలు దేశమంతటి ఓట్లను ప్రభుత్వంతో సమానంగా ఎలా లెక్కించగలిగారు? మన దగ్గర 1999 ఎన్నికల్లో లోక్‌సత్తా నేర చరిత్ర గల అభ్యర్థుల పేర్లను బయటపెట్టింది. అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు ఏడీఆర్ (ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం)ను స్థాపించి, అభ్యర్థుల ఆస్తులు, కేసులు ఓటరుకు తెలియాలని న్యాయస్థానాల్లో పోరాడి గెలిచారు. అయితే ఈ సంఘాల పనంతా అభ్యర్థుల చుట్టూనే తిరిగింది గానీ ఓట్ల లెక్క జోలికి పోలేదు. దీనికి కారణం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

దావావోలో చదివినవాడు:

నేను వైద్య విద్య ఫిలిప్పీన్స్‌లోని దావావోలో చదివాను. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు విశ్రాంత ఉపాధ్యాయిని, 1986లో నామ్‌ఫ్రెల్ కార్యకర్త. ఆ రోజుల్లో లెక్కింపు ఎలా జరిగేదో ఆవిడ ఒకసారి వంటింటి బల్ల మీద పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గీసి చూపించారు. అక్కడ ఎన్నికల విధులు నిర్వహించేది బడిపంతుళ్లే. పోలింగ్ ముగియగానే ఆ తరగతి గదిలోనే పెట్టె తెరిచి, ఓటరు తన చేత్తో రాసిన అభ్యర్థి పేరును ఒక టీచరు పైకి చదివేవారు, ఇంకొకరు అందరికీ కనిపించేలా గీత గీసేవారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా ఏటవాలుగా, అంటే మన పాలవాళ్లు గోడ మీద గీసుకునే లెక్కలాంటిదే. కిటికీలోంచి చూసేవాళ్లు కూడా తమ కాగితం మీద అవే గీతలు గీసుకోవచ్చు. చివరికి మొత్తం వేసి, ఫలితాల పత్రం మీద సంతకాలు చేసేవారు. ఎన్నికల సంఘమైన కొమెలెక్ గుర్తింపు ఉండటం వల్ల నామ్‌ఫ్రెల్ వారు ఆ పత్రం ప్రతిని పొందగలిగేవారు.

మీ ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉందని నా అభిప్రాయం. దేశమంతటి ఓట్లను వాళ్లు తిరిగి లెక్కించలేదు, లెక్కించవలసిన అవసరమూ రాలేదు. గదిగదిలో అందరి కళ్లెదుట తేలిన అంకెను, దారిలో ఎవరూ మార్చకముందే, మనీలా శివారులోని లా సాల్ గ్రీన్‌హిల్స్ పాఠశాల వ్యాయామశాలకు చేర్చి కూడారు, అంతే.

సంఘం చరిత్రకు వస్తే, 1972లో సైనిక శాసనం విధించిన మార్కోస్ పాలనలో ఎన్నికల మీద జనానికి నమ్మకం పోయింది. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు, కొరజాన్ భర్త బెనీన్యో అక్వినోను మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపిన తరువాత, ఆ ఏడాదే పారిశ్రామికవేత్త హోసే కన్సెప్సియన్ నాయకత్వంలో నామ్‌ఫ్రెల్ ఏర్పడింది. 1984 మే శాసనసభ ఎన్నికలు వారికి తొలి కసరత్తు. 1986 నాటికి కార్యకర్తల సంఖ్య సుమారు 5 లక్షలకు చేరిందని చెబుతారు. వారిలో వ్యాపారులు, విద్యార్థులు, గృహిణులు, చర్చి సన్యాసినులు ఉన్నారు. ఎక్కడ బ్యాలెట్ పెట్టెలకు ముప్పు ఉందని తెలిస్తే అక్కడికి వెళ్లి నిలబడే సన్యాసినులకు ‘నామ్‌ఫ్రెల్ మెరీన్లు’ అని పేరు పడింది. పెట్టెల చుట్టూ చేతులు గొలుసుగా కలిపి, వాటిని మునిసిపల్ కార్యాలయం దాకా నడిపించుకుపోయిన దృశ్యాలు ఆనాటి ఛాయాచిత్రాల్లో కనిపిస్తాయి.

ఇక కొమెలెక్ లెక్కింపు మనీలా సమావేశ భవనంలో కంప్యూటర్ల మీద సాగింది. ఫిబ్రవరి 9 రాత్రి, తాము యంత్రంలోంచి తీస్తున్న అంకెలకూ, ఎదుట బోర్డు మీద వేస్తున్న అంకెలకూ పొంతన లేదని గమనించిన 35 మంది కంప్యూటరు సిబ్బంది, వారిలో ఎక్కువమంది స్త్రీలు, లేచి బయటికి వచ్చేసి ఒక చర్చిలో తలదాచుకున్నారు. రెండో లెక్క అంటూ ఒకటి ఊళ్లో నడుస్తూ ఉండబట్టే వారి నిష్క్రమణకు అంత బలం వచ్చిందని ఆవిడ అనేవారు. ఆ నెల 25న మార్కోస్ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది.

లెక్కల మాస్టారు:

పై జవాబు బాగుంది గానీ, నామ్‌ఫ్రెల్ లెక్కను తుది ఫలితంగా చూపడంలో ఒక చిక్కు ఉంది. ప్రశ్నలో ఇచ్చిన అంకెలనే కూడి చూడండి. శాసనసభ లెక్కలో ఇద్దరికీ కలిపి 2 కోట్లకు పైగా ఓట్లు ఉంటే, నామ్‌ఫ్రెల్ దగ్గర ఉన్నవి కోటి 49 లక్షలకు కాస్త తక్కువ. వారికి అందినది దాదాపు 70 శాతం కేంద్రాల ఫలితమే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న స్థాలీపులాక న్యాయం, గిన్నె అంతటా మంట సమానంగా తగిలినప్పుడే చెల్లుతుంది. నామ్‌ఫ్రెల్‌కు అందని కేంద్రాలు యాదృచ్ఛికంగా మిగిలిపోయినవి కావు, కార్యకర్తలు కాలు పెట్టలేని చోట్లు వాటిలో చాలా ఉన్నాయి. అక్కడ అసలు ఓటింగ్ స్వేచ్ఛగా జరిగిందా అన్నది వేరే ప్రశ్న, కానీ మిగిలిన 30 శాతం కూడా ఇలాగే ఉండి ఉంటుందని గణితం మాత్రం చెప్పలేదు.

తరువాతి దేశాలు ఈ లోపాన్ని సరిదిద్దుకున్నాయి. 1988 అక్టోబరు 5న చిలీలో నియంత పినోచెట్ కొనసాగాలా వద్దా అని జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలోనూ, 1989 మేలో పనామా ఎన్నికలోనూ పౌర బృందాలు అన్ని కేంద్రాల వెంటా పడకుండా, శాస్త్రీయంగా ఎంచుకున్న నమూనా కేంద్రాల ఫలితాలతోనే తీర్పును అంచనా వేశాయి. తక్కువ మందితో తక్కువ వ్యవధిలో తేలే పద్ధతి ఇది. అయితే నా అనుమానం ఒకటుంది. 5 లక్షల మంది బూత్‌ల దగ్గర నిలబడటం వల్ల ఆగిన దొంగ ఓట్లు ఏ నమూనా లెక్కలోకీ రావు.

అనుమానప్పక్షి:

ఈ చరిత్రను మరీ పుణ్యకథగా చెప్పుకోవద్దని మనవి. నామ్‌ఫ్రెల్ అన్న ఇదే పొడి అక్షరాల పేరుతో 1951లోనే ఒక సంఘం పుట్టింది. విపరీతంగా రిగ్గింగ్ జరిగిన 1949 ఎన్నికల తరువాత వచ్చిన ఆ సంఘానికి హైమే ఫెర్రర్ వంటివారు సారథ్యం వహించారు. దాని వెనుక సీఐఏ తరఫున పనిచేసిన గేబ్రియల్ కప్లాన్ ఉన్నాడు, 1953లో అధ్యక్షుడిగా గెలిచిన మాగ్‌సైసాయ్ అమెరికాకు కావలసినవాడు. ఎన్నికలు మునుపటికంటే శుభ్రంగా జరిగిన మాట నిజమే, తెర వెనుక విదేశీ హస్తం ఉన్న మాటా నిజమే. 1986 సంఘాన్ని అక్వినో పక్షపాతి అని మార్కోస్ వర్గం తిట్టిపోయడానికి ఈ పాత కథ కూడా పనికొచ్చింది.

2004లో వేరే దిక్కు నుంచి నిందలు వచ్చాయి. అప్పటి అధ్యక్షురాలు అరోయో, నటుడు ఫెర్నాండో పో జూనియర్ పోటీపడిన ఆ ఎన్నికలో నామ్‌ఫ్రెల్ లెక్క మందకొడిగా సాగి, పూర్తికాకుండానే ఆగింది. అరోయోకు అనుకూలమైన ప్రాంతాల పత్రాలనే ముందు కూడుతున్నారని ప్రతిపక్షం ఆరోపించింది. 2010లో ఓట్లు లెక్కించే యంత్రాలు వచ్చినప్పుడు కొమెలెక్ గుర్తింపు కోసం నామ్‌ఫ్రెల్ పెట్టుకున్న దరఖాస్తును తోసిపుచ్చి, 1991లో చర్చి అనుబంధంతో పుట్టిన పీపీసీఆర్‌వీ అనే సంస్థకు ఆ గుర్తింపు ఇచ్చింది. ప్రభుత్వం గుర్తింపు ఇస్తేనే పత్రం చేతికి వచ్చే సంఘానికి, ఆ గుర్తింపు పోయిన రోజున మిగిలేది ఏమిటో ఆలోచించండి.

పోలింగ్ ఏజెంటు:

మన సంగతి నేను చెబుతాను. రెండు ఎన్నికల్లో ఒక అభ్యర్థి తరఫున మా ఊరి బడిలో ఏజెంటుగా కూర్చున్నాను. మన పద్ధతిలో బూత్‌లో ఓట్లు లెక్కించరు. ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సీ మొదటి భాగంలో రాసి, ప్రిసైడింగ్ అధికారి సంతకంతో ఏజెంట్లకు ప్రతి ఇస్తారు. యంత్రానికి సీలు వేసి స్ట్రాంగ్‌రూమ్‌కు పంపుతారు. లెక్కింపు మరో రోజు, మరో ఊళ్లో. అక్కడ లోపల కూర్చోగలిగేది అభ్యర్థుల కౌంటింగ్ ఏజెంట్లే గానీ పౌర సంఘాలవారు కారు. బూత్‌లవారీ ఫలితం ఫారం 20లో వస్తుంది, కాకపోతే అది అంతా అయిపోయాక వచ్చే కాగితం. కాబట్టి నామ్‌ఫ్రెల్ చేతికి అందిన ఆ తొలి పత్రానికి సాటివచ్చేది ఇక్కడ పార్టీల చేతిలోనే ఉంటుంది.

ఆ పార్టీలైనా దాన్ని భద్రపరుస్తాయా అంటే, మొదటిసారి నాకు ఇచ్చిన ప్రతిలో కార్బన్ సరిగా పడక మొత్తం అంకెలో చివరి రెండు అక్షరాలు అలుక్కుపోయాయి. బస్సు వెళ్లిపోతుందని అధికారి తొందరపడుతుంటే నేను నోరెత్తలేదు. మా అభ్యర్థి మనుషులు కూడా ఆ కాగితం మళ్లీ అడగలేదు.

ఏడీఆర్ ఈ దిక్కు అసలు చూడలేదన్నది సరికాదు. పోలైన ఓట్ల వివరాలను 17సీ ఆధారంగా 48 గంటల్లో బయటపెట్టాలని 2024లో సుప్రీంకోర్టును కోరింది. ఎన్నికలు నడుస్తుండగా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేమని మే 24న కోర్టు చెప్పింది. మర్నాడే ఎన్నికల సంఘం అప్పటిదాకా జరిగిన ఐదు విడతల ఓట్ల సంఖ్యను నియోజకవర్గాలవారీగా ప్రకటించింది, బూత్‌లవారీగా కాదు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలను ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఒకటికి బదులు ఐదు కేంద్రాల్లో సరిచూడాలన్న 2019 ఏప్రిల్ 8 నాటి ఆదేశం కూడా చంద్రబాబు నాయుడు తదితర పార్టీ నాయకుల పిటిషన్ మీద వచ్చినదే.

గుడివాడ పాఠకుడు:

అందరికీ ధన్యవాదాలు. ఏడీఆర్ విషయంలో నా మాట సరిచేసుకుంటున్నాను. ఏజెంటు గారికి ఒక చిన్న ప్రశ్న: రెండోసారి కూర్చున్నప్పుడు కాగితం సరిగా అందిందా?

పోలింగ్ ఏజెంటు:

అందింది. ఆ సారి సంతకం పెట్టించుకునే ముందే అంకెలన్నీ పైకి చదివించాను, నా నోటు పుస్తకంలో వేరుగా రాసుకున్నాను. ఫారం 20 వచ్చాక మా బూత్ మొత్తంతో పోల్చి చూశాను, సరిపోయింది. పక్క బూత్‌ల కాగితాలు కూడా తెప్పించి చూద్దామనుకున్నాను గానీ, వాటిని దాచినవారు మా మండలంలో నాకు ఎవరూ దొరకలేదు.