కిల్ కర్వ్ చివర చదునవుతోంది, మోడల్ కుదరడం లేదు

ప్రశ్న: ఉదయం నుంచి దీనితోనే కుస్తీ. ఈ. కోలై బ్యాక్టీరియాకు యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, బతికినవి ఎన్నో తెలియడానికి గంటగంటకూ లెక్కపెట్టిన కాలనీలకు (ఆ గీతే కిల్ కర్వ్) అవకలన సమీకరణాలు కుదర్చాలి. మొదట్లో గీత చక్కగా సరిపోతుంది. తర్వాత డేటా చదునవుతుంది, నా గీత పాతాళానికి దిగిపోతుంది. మామూలు కణాలు, నిరోధక కణాలు అని రెండు జనాభాలు పెట్టినా అంతే. కోడ్ సరిగానే ఉంది. ఎవరైనా చెప్పండి.

జవాబు 1: కల్చర్ ఏ దశలో ఉంది? రెండో జనాభా ప్రారంభ విలువ ఎంత?

జవాబు 2: ముందు ఆ 'నిరోధక' అన్న మాట తీసేయండి. మిగిలిన కణాలను మళ్లీ పెంచి అదే మందు ఇస్తే అదే వక్రరేఖ వస్తుంది, ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు) మారదు. 1944లో జోసెఫ్ బిగ్గర్ పెన్సిలిన్ ఇచ్చిన స్టెఫైలోకాకస్‌లో చూసినవీ ఇలాంటివే, నిరోధకత లేకుండానే మందును తట్టుకుని మిగిలే ఆ కణాలకు పెర్సిస్టర్లని పేరు పెట్టింది ఆయనే. నిరోధకత జన్యువుల్లో ఉంటుంది, సంతానానికి వెళుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే మోడల్ అర్థమే మారిపోతుంది.

జవాబు 3: అంత తేలిగ్గా పెర్సిస్టర్లు అనేయకూడదు. జనాభా మొత్తం నెమ్మదిగా చస్తే అది సహనం. పెర్సిస్టర్లైతే గీతలో రెండు వాలులు, ముందు నిటారుగా, తర్వాత చదునుగా, స్పష్టంగా కనబడాలి.

జవాబు 2: చివర చదునవుతోందని ఆయనే రాశారు కదా!

ప్రశ్న అడిగినవారు: ప్రారంభ విలువ సున్నా. రాత్రంతా పెరిగిన కల్చర్‌ను పలుచన చేసి, అరగంట పెంచి మందు కలిపాం. అందరూ చేసేదే కదా?

జవాబు 1: సమస్య అక్కడే. రాత్రి కల్చర్‌లో పెరుగుదల ఆగిపోయి ఉంటుంది. అప్పుడు నిద్రపోయిన కణాల్లో కొన్ని అరగంటలో మేల్కొనవు. యాంపిసిలిన్ పెరిగే కణాలనే చంపుతుంది. 2004లో నటాలీ బలబాన్ బృందం మొదటి రకం అన్నది ఇలాంటి పెర్సిస్టర్లనే. సున్నా తీసేసి ఆ విలువను డేటా నుంచే తేల్చండి. రెండో వాలును వెనక్కి పొడిగిస్తే సున్నా గంట దగ్గర సుమారుగా దొరుకుతుంది. ఆ వాలు దాదాపుగా మేల్కొనే రేటు. ఒక్క కర్వ్ నుంచి ప్రారంభ విలువనూ, నిద్రలోకి జారే రేటునూ విడదీయలేరు, రెండోదాన్ని సున్నా చేయండి. ఇంకొకటి, లెక్కలను లాగ్ (సంవర్గమానం)లోకి మార్చారా?

ప్రశ్న అడిగినవారు: లేదు, నేరుగా.

జవాబు 1: అందుకే చివరి బిందువులకు బరువే లేదు. పది కోట్ల ముందు వెయ్యి కణాల తేడా కనబడదు. లాగ్‌లో చేయండి. ప్లేటుపై 0.1 మిల్లీలీటరు పలుచన చేయని కల్చర్ పూస్తే ఒక్క కాలనీ అంటే మిల్లీలీటరుకు 10 కణాలు, ఆ హద్దుకు దిగువన వచ్చే సున్నాలను నిజమైన సున్నాలుగా వాడకండి.

జవాబు 3: సహనం సంగతి ఇంకా తేలలేదు. అన్ని కణాలనూ ఎంతసేపటి వరకు చూశారు?

ప్రశ్న అడిగినవారు: లాగ్‌లో కుదిరింది. ధన్యవాదాలు.

జవాబు 2: ఆ 'నిరోధక' మాట కూడా మార్చారా?