అప్‌డేట్: ఆ బ్లూటూత్ స్పీకర్ కడుపులో ఏముందంటే

పోయిన నెల అడిగాను కదా, పెట్టె మీద 12 గంటలని రాసిన స్పీకర్ గంటన్నరకే మూగబోతోంది, సౌండ్ సగం దాటిస్తే గరగరమంటోంది, ఏం చెయ్యాలని. ఛార్జర్ మార్చమన్నారు, మార్చాను. లాభం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యమని ఇంకొకరన్నారు గానీ, నా దగ్గర బిల్లే లేదు. ఇప్పుడెళ్లి అడిగితే షాపువాడు నీళ్లు నమిలాడు. కొన్నరోజే తీసుకోవాల్సింది, తప్పు నాదే.

చివరికి ఇక్కడే పర్లాకిమిడిలో రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లాను. మాటల్లో సగం ఒడియా, సగం తెలుగు. నాలుగు స్క్రూలు విప్పి "ఇదిగో బాబూ, చూసుకో" అని చేతిలో పెట్టాడు. లోపల ఒకే ఒక్క 18650 రకం సెల్లు, ఛార్జింగ్ టార్చిలైట్లలో వేసేదే. దాని మీద 1200 ఎంఏహెచ్ (అంటే అది పట్టే ఛార్జ్) అని ఉంది. పెట్టె మీదేమో 4000! మిగతా చోటంతా ఖాళీ. బరువు తెలియాలని కాబోలు, ఓ మూల ఇనప ముక్క అంటించారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

250 రూపాయలు తీసుకుని 2600ది వేశాడు. ఇప్పుడు మూడు గంటలు దాటుతోంది. గరగర మాత్రం అలాగే ఉంది, లోపల అదిరి సౌండ్ ఇచ్చే కోన్ అంచు లేచిపోయిందట. సౌండ్ తగ్గించి అమ్మ భజనలకి పెట్టుకుంటోంది.