మర్డర్ కేసుల్లో ఫోరెన్సిక్ రిపోర్టును కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

అదాలత్ జూనియర్ (హనుమకొండ):
నాలుగేళ్లుగా ఇక్కడి కోర్టులో జూనియర్ వకీలుగా ఉన్నాను. ఈ మధ్య ఒక మర్డర్ కేసు ఫైలు చదువుతుంటే కడుపు మండింది. డాక్టర్ సాక్ష్యం ప్రకారం మనిషి చనిపోయింది రాత్రి 8, 10 మధ్య. ఎట్లా తెలిసిందంటే కడుపులో అరగని అన్నం మెతుకులున్నాయట. ఆయన చివరిసారి ఎన్నింటికి తిన్నాడో చెప్పిన సాక్షి ఒక్కరూ లేరు. భయపడ్డా, దెబ్బ తగిలినా అరుగుదల మందగిస్తుంది, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పైగా శవం దొరికింది మే నెలలో, చేను గట్టున. ఒళ్లు 12 గంటల్లో బిగుసుకుంటుంది, 12 గంటలు అట్లనే ఉంటుంది, మరో 12 గంటల్లో సడలుతుంది అని పుస్తకంలో ఉన్న లెక్క మన ఎండల్లో నిలుస్తుందా? ముద్దాయి మాత్రం ఆ రెండు గంటలు ఎక్కడున్నాడో చెప్పలేక ఇరుక్కున్నాడు.

చట్టంలో నిపుణుడు చెప్పేదాన్ని అభిప్రాయం అనే అన్నారు. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్తదాంట్లో 39వ సెక్షన్. కోర్టు హాల్లోకి వచ్చేసరికి అది వేదవాక్కు ఎట్లా అవుతోంది?

కాజీపేట రైల్వే:
తమ్మీ, గొర్రెకుంట మరిచావా? 2020 మేలో బావిలో 9 శవాలు. మొదట అందరం సామూహిక ఆత్మహత్యేనేమో అనుకున్నాం. అన్నంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ లేనివాళ్లని ఒకడు బావిలో పడేశాడని తేలింది. అక్టోబర్‌కల్లా ఉరిశిక్ష వేశారు. ల్యాబులు లేకపోతే ఆ ఫైలు ఆత్మహత్య అని మూసేసేవాళ్లు.

అదాలత్ జూనియర్:
అన్నా, అక్కడ సీసీ కెమెరా దృశ్యాలూ ఉన్నాయి. నాలుగు ఆధారాలు కలిసినప్పుడు నాకు పేచీ లేదు. ఒక్క రిపోర్టు మీదే కేసంతా నిలబడితేనే భయం.

జగిత్యాల టీచరమ్మ:
మీకు ముద్దాయి బాధే కనిపిస్తోంది వకీలు గారూ. మా మేనత్త కూతురు పురుగుల మందు తాగిందని అత్తింటివాళ్లు చెప్పారు. నోట్లో మందు వాసన గుప్పున కొడుతోంది, మేమూ నమ్మాం. ఏడు నెలలకు విస్రా రిపోర్టు, అంటే లోపలి అవయవాల్లో విషం ఉందా అని ల్యాబు చూసిన రిపోర్టు వచ్చింది. కాలేయంలో లేదు, కిడ్నీలో లేదు. మెడలో ఎముక విరిగిందని పోస్ట్‌మార్టంలో ముందే రాసి ఉంది. గొంతు నులిమి, తర్వాత నోట్లో మందు పోశారన్నమాట. ఆ రాత్రి అరుపులు విన్న పక్కింటి ఇద్దరూ కోర్టులో ఎదురు తిరిగారు. రిపోర్టు కూడా లేకపోతే మేం ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

రిటైర్డ్ మార్చురీ డాక్టర్:
జూనియర్ గారు అన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను చెప్తాను, ఆ బోనులో చాలాసార్లు నిలబడ్డాను కాబట్టి.

చావు ఎప్పుడంటే రిపోర్టులో "పోస్ట్‌మార్టానికి 12 నుంచి 24 గంటల ముందు" అని రాస్తాం. అంతకంటే సన్నగా చెప్పడం మా వల్ల కాదు. కోర్టులో పీపీ (ప్రభుత్వ వకీలు) గారు "రాత్రి 9 గంటలకు జరిగి ఉండొచ్చా?" అంటారు. ఆ 12 గంటల్లో 9 కూడా ఉంది కదా, "ఉండొచ్చు" అంటాను. "ఈ గొడ్డలితో ఆ గాయం కావొచ్చా?" కావొచ్చు. ఊళ్లో ఏ గొడ్డలితోనైనా కావొచ్చు, కానీ అది నన్నెవరూ అడగరు. తీర్పు వచ్చేనాటికి నా "ఉండొచ్చు" కాస్తా "డాక్టర్ ధ్రువీకరించారు" అయి కూర్చుంటుంది. అబద్ధం ఎవరూ ఆడలేదు.

టీచరమ్మా, మీ కేసులో రిపోర్టు నిలిచింది రెండు వేర్వేరు పరీక్షలు ఒకే మాట చెప్పాయి కాబట్టి. అయినా మంచి వకీలైతే అవయవాలు చెడిపోకుండా జాడీలో పోసిన ఉప్పు నీళ్ల శాంపిల్ విడిగా పంపారా అని అడిగేవాడు. పంపాలి. చాలా చోట్ల పంపరు.

కాజీపేట రైల్వే:
డాక్టర్ మాట వదిలేయండి. వేలిముద్ర, డీఎన్‌ఏ అయితే తిరుగులేదు కదా?

అదాలత్ జూనియర్:
వేలిముద్ర సంగతే చూడన్నా. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల సంచి మీది ముద్ర అమెరికాలో ఒక వకీలుదేనని ఎఫ్‌బీఐ నూటికి నూరు పాళ్లు తేల్చింది. ఆయన రెండు వారాలు లోపలున్నాడు. తర్వాత స్పెయిన్ పోలీసులు అది వేరే మనిషిదని చెప్పారు.

డీఎన్‌ఏ సైన్సుకు వంక పెట్టను, ఆ డబ్బా ఎక్కడెక్కడ తిరిగిందో అడుగుతాను. ఢిల్లీ ఛావ్లాలో ఒక యువతిని అత్యాచారం చేసి చంపిన కేసులో 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27న ల్యాబుకు పోయాయి. మధ్యలో స్టేషన్ మాల్‌ఖానాలోనే, అంటే సీజ్ చేసిన వస్తువులుంచే గదిలోనే. డీఎన్‌ఏ రిపోర్టుకు ఆధారమేంటో కింది కోర్టులు చూడనేలేదని చెప్పి, ఉరిశిక్ష పడిన ముగ్గురినీ 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు వదిలేసింది. మన హైదరాబాద్ సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ల్యాబు) రిపోర్టులోనూ, 2008 నోయిడా ఆరుషి హత్య కేసులో, రెండు దిండు గలేబుల వివరాలు తారుమారయ్యాయి. టైపింగ్ పొరపాటు అని వివరణ వచ్చింది రెండేళ్లు దాటాక!

అందుకే నేను రిపోర్టు చేతికి రాగానే చివరి పేజీ చూడను. లెటర్ ఆఫ్ అడ్వైస్ (నమూనాలతో ల్యాబుకు పంపే లేఖ) తేదీ, సీజ్ చేసిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇంకో తిరకాసు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌ని మామూలుగా బోనెక్కిస్తారు. ల్యాబు అధికారి రిపోర్టు మాత్రం ఆయన రాకుండానే సాక్ష్యంగా చెల్లుతుంది, క్రిమినల్ కేసులు నడిపే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 293, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. పిలిపించమని అడిగే వీలుంది. న్యాయ సహాయం కింద వచ్చిన పేద ముద్దాయి తరఫున ఎవరు అడుగుతారు?

జగిత్యాల టీచరమ్మ:
అడగండి, కాదనను. కానీ ప్రతి కేసులో ల్యాబు వాళ్లని కోర్టుకు లాగితే ఆ ఏడు నెలలు రెండేళ్లవుతాయి. ఈలోపు మా వాళ్ల మీద రాజీ ఒత్తిడి ఎట్లా ఉంటుందో మీకు తెలుసా?

అదాలత్ జూనియర్:
తెలుసమ్మా. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రతి కేసులో వద్దు, రిపోర్టు ఒక్కటే ఆధారమైన మర్డర్ కేసుల్లో పిలవాలి, అంతవరకే నా పట్టు.

డాక్టర్ గారూ, సోమవారం ఒక డాక్టర్‌ని క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. సీనియర్ నన్నే చేయమన్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం అడగాలి?

రిటైర్డ్ మార్చురీ డాక్టర్:
పోట్లాడకు. "9 గంటలకు జరిగి ఉండొచ్చన్నారు. తెల్లవారుజామున 3కి కూడా జరిగి ఉండొచ్చా?" అని మర్యాదగా అడుగు. ఉండొచ్చు అనే అంటాడు. అది రికార్డు చేయించి కూర్చో. నా సర్వీసులో ఆ ప్రశ్న నన్ను అడిగింది ఇద్దరే.