సీసా గిలక్కాయ: ఏడాది లోపు పిల్లల చేతికి ఇవ్వొచ్చా, వద్దా?

పాతసామాన్లు_కొంటాం:
పావులీటరు నీళ్ల సీసా, అందులో రెండు చెంచాల శనగలు, మూతకి గట్టి జిగురు, పైన రంగు టేపు. గిలక్కాయ తయారు. అంగన్‌వాడీల లో కాస్ట్, నో కాస్ట్ సామగ్రిలో దీన్ని చూడనివాళ్లు ఉండరు. ఐఎస్‌ఐ గుర్తు లేని ఆటవస్తువు పసివాళ్లకి ఇవ్వడమే తప్పని ఇప్పుడో వాదన నడుస్తోంది. నేను ఒప్పుకోను. సీసా మంచినీళ్లు తాగిందే, శనగలు తినేవే, మూత బిగించి అతికించాక లోపలిది బయటికొచ్చే దారే లేదు. మరి అభ్యంతరం ఎక్కడ? "సేఫ్ కాదండీ" అని ఊరుకోకుండా ఏ భాగం, ఎందుకు అన్నది చెప్పండి.

కొలతబద్ద:
భాగం: మూత. ఎందుకు: కొలత.

మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడొచ్చే ఏ ముక్కా 31.7 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టంలో పూర్తిగా ఇమడకూడదు. ఆ గొట్టం అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4 మి.మీ., రెండోవైపు 57.1. మన దేశపు బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873లో ఉన్నదీ, బయటి దేశాలు వాడేదీ ఇదే. ఇంట్లో చేసుకోవడం చాలా తేలిక. పెళ్లికార్డు అట్టలోంచి 10 సెం.మీ. పొడవు, 5.7 సెం.మీ. వెడల్పు పట్టీ కత్తిరించి, పొడవు వైపు గుండ్రంగా చుట్టి, అంచుకి అంచు ఆనించి బయట టేపు వేయండి. ఏటవాలు కోత అక్కర్లేదు, లోతు ఎక్కువైతే పరీక్ష ఇంకాస్త కఠినం అవుతుంది, అంతే.

మామూలు నీళ్ల సీసా మూత 30 మి.మీ. అటూఇటూ ఉంటుంది. గొట్టంలో జారి పడిపోతుంది. మూత మొదటిసారి తిప్పినప్పుడు తెగి సీసా మెడకి మిగిలే రింగూ అంతే. దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

ఇక జిగురు. సీసా పెట్ అనే ప్లాస్టిక్, అడుగున ముక్కోణంలో 1 అంకె ఉంటుంది. మూత పాలీప్రొపిలీన్ గానీ హెచ్‌డీపీఈ గానీ. ఈ రెండూ మైనంలా జారుడు ప్లాస్టిక్‌లు. ఫెవిక్విక్ లాంటివి వాటి మీద పొరలా ఎండుతాయే తప్ప పట్టవు. చేత్తో తిప్పి చూస్తే బిగువుగానే ఉంటుంది, నాలుగుసార్లు గచ్చుకేసి కొట్టాక టక్కున వదిలేస్తుంది. తెల్ల జిగురు చొంగకి నానుతుంది. హాట్ గ్లూ కొంత నయం గానీ మే నెల ఎండలో ఆపిన కారులో గంటసేపు ఉంచితే అదీ మెత్తబడుతుంది.

శనగలు తినేవే, నిజం. అయితే పొరపాటున గాలి గొట్టంలోకి పోయిన శనగ అక్కడి తడికి ఉబ్బుతుంది. రాత్రి నానబోసినవి తెల్లారేసరికి ఎంతవుతాయో వంటింట్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పాలా?

గోదారిగట్టు:
శనగలు కాకపోతే గురివింద గింజలు వేసుకోండి. ఎర్రగా, నల్ల బొట్టుతో సీసాలోంచి భలే కనిపిస్తాయి. ఉబ్బవు కూడా, రాయిలా ఉంటాయి.

కొలతబద్ద:
అయ్యా, ఆ సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. గురివింద గింజలో అబ్రిన్ ఉంటుంది, ప్రాణం తీసే విషం. పైపెంకు చెక్కుచెదరకపోతే మింగినా చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. పగిలిందో, నమిలారో, దండ గుచ్చడానికి కన్నం పెట్టారో, లోపలిది బయటికొచ్చేస్తుంది. గిలక్కాయలో గింజల పనేంటి? రోజంతా ఒకదాన్నొకటి కొట్టుకోవడం. పెంకు చిట్లేది అక్కడే. ఆముదం గింజలూ ఇదే కోవ, వాటిలో ఉండేది రిసిన్. పాత దండలు, పర్సులు, గింజలు పొదిగిన వినాయకుడి బొమ్మలు విప్పి పిల్లల ఆటవస్తువులు చేసేవాళ్లు ముందు ఈ రెండు గింజలూ ఉన్నాయేమో చూసుకోవాలి.

గోదారిగట్టు:
సరే, వెనక్కి తీసుకున్నా. తూకానికి వాడే గింజే కదా అన్న ధీమాతో రాశాను.

పాతసామాన్లు_కొంటాం:
గురివింద గురించి వాదన లేదు. మూత గురించి మాత్రం సగమే ఒప్పుకుంటా. మూత చిన్నదైతే పెద్ద మూత ఉన్న సీసా తీసుకుంటాం. పచ్చడి వచ్చే పెట్ జాడీ ఉంది, మూత 7 సెం.మీ. దాటుతుంది, మీ గొట్టంలోకి జన్మలో దూరదు. లోపల శనగల బదులు పింగ్‌పాంగ్ బంతి వేస్తాం. 40 మి.మీ. బంతి కాబట్టి అదీ దూరదు. ఇప్పుడు చెప్పండి.

కొలతబద్ద:
జాడీ వరకు మంచి ఆలోచన. బంతి దగ్గర దెబ్బతిన్నారు. గుండ్రటి వస్తువుకి కొలత వేరు, 44.5 మి.మీ. గొంతు మెత్తగా సాగుతుంది కదా, బంతి అన్నివైపులా సమంగా అతుక్కుని గాలిని పూర్తిగా మూసేస్తుంది. వేలుపెట్టి లాగుదామన్నా పట్టు దొరకదు. అందుకే 31.7 దాటినా బంతి అయితే సరిపోదు. పింగ్‌పాంగ్ బంతి, పెద్ద గోళీలు, చిన్న రబ్బరు బంతులు అన్నీ ఇక్కడే ఆగిపోతాయి.

ఇంకో మాట. పచ్చడి జాడీ పసిచేతికి పట్టదు. అది ఊపే గిలక కాదు, పాకే పిల్ల ముందు దొర్లించే గిలక. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లకి అదే ఎక్కువ ఆట కూడా. 2-4 సైజు చెక్క గాజులు రెండు, పెద్ద రంగు గుడ్డముక్కలు నాలుగు లోపల వేసి మూత బిగించండి. మూత ఊడినా మింగడానికేమీ ఉండదు. బాగున్న పద్ధతి అంటే నా లెక్కలో ఇది: జిగురు ఫెయిలైనా నష్టం లేకపోవాలి. కారం, నూనె వాసన పోవాలంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో రాత్రంతా నానబెట్టండి. మరిగే నీళ్లు పోస్తే పెట్ ముడుచుకుపోతుంది. ఫినాయిల్, పురుగుమందు, టాయిలెట్ క్లీనర్ డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా ఈ పనికి వద్దు.

కుట్టుమిషను:
ఏడాది లోపు పిల్ల కోసం ఇంత గట్టి ప్లాస్టిక్ గొడవ ఎందుకో అర్థం కాదు. పాత నేతచీర ఉంది, బొంత కుట్టుకునే ఇళ్లలో సూదీ దారం ఉన్నాయి. గుడ్డబంతి చేస్తే సరి.

10 సెం.మీ. బంతికి ఆకు ఆకారపు గుడ్డముక్కలు ఆరు (రెండు కొసలూ మొనదేలినవి) కావాలి. ఒక్కోటి 17 సెం.మీ. పొడవు, నడుమ 6.6 సెం.మీ. వెడల్పు. కుట్టుకి అంచున 7 మి.మీ. వదిలితే సరిగ్గా కుదురుతుంది. దారం పాలిస్టర్‌ది, కుట్టు నిడివి 2 మి.మీ., ప్రతి జోడింపు మీదా మిషను రెండుసార్లు పోవాలి. లోపల కూరడానికి పాత బనియన్ ముక్కలు చాలు. బూరుగు దూది మెత్తగా ఉంటుంది గానీ ఉతికాక లోపల తడి నిలిచి మూడోనాటికి ముక్కవాసన పడుతుంది.

చెడేది ఎప్పుడూ ఒకేచోట: ఆరు మొనలు కలిసే కొసల దగ్గర. అక్కడ మిషను సూది తిరగదు, చిటికెన వేలు దూరే కన్నం మిగిలిపోతుంది, పిల్ల ముందు అక్కడే నోరు పెడుతుంది. రెండు కొసలకీ 4 సెం.మీ. గుండ్రటి బిళ్లలు అంచు మడిచి చేత్తో దగ్గరదగ్గరగా కుట్టేయాలి. జరీ అంచు వాడకండి, తెగిన జరీ చర్మాన్ని గీరుతుంది. షిఫాన్, జార్జెట్ పోగులు జారి కుట్టు విప్పుకుంటుంది. కళ్లకి బొత్తాలు కుట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, దారంతోనే కన్ను కుట్టండి.

శబ్దం కావాలంటే మువ్వలు లోపల పెట్టకండి. కుట్టు విడిపోయిన రోజు మొదట బయటికొచ్చేది మువ్వే. బంతికి ఒక గుడ్డపట్టీ కుట్టి, దానికి మూడు చెక్క గాజులు తొడగండి, కొట్టుకుని టకటక మంటాయి. పట్టీ లాగిన పొడవు 22 సెం.మీ. దాటకూడదు, మెడకి చుట్టుకునేంత ఉండకూడదు.

చింతపిక్క:
కుట్టు గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? ప్రతి ఒక్కరూ బాగానే కుట్టామనుకుంటారు కదా.

కొలతబద్ద:
లాగి చూడాలి. ప్రమాణంలో 70 న్యూటన్ల లాగుడు పది సెకన్లు. బకెట్‌లో ఆరున్నర లీటర్ల నీళ్లు పోస్తే బకెట్ బరువుతో కలిపి ఏడు కిలోలు దాటుతుంది. బంతిని ఒక చేత్తో పట్టుకుని, పట్టీకి బకెట్ తగిలించి, పది అంకెలు లెక్కపెట్టండి. కుట్టు పళ్లికిలిస్తే మళ్లీ కుట్టడమే. తర్వాత తడిపి, పిండి ఇంకోసారి. గట్టి వస్తువులకైతే పడేసే పరీక్ష ఉంది: 18 నెలల లోపు పిల్లల వస్తువైతే 138 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి నేల మీద పదిసార్లు. సీసా గిలక్కాయ ఇందులో నెగ్గుతుందో లేదో ఎవరికి వాళ్లే చూసుకోవచ్చు, పది నిమిషాల పని.

లక్కపిడత:
ఇన్ని తిప్పలు ఎందుకండీ, ఏటికొప్పాక గిలక్కాయ కొనుక్కోక! అంకుడు కర్ర, లేత్ మీద తిరుగుతుండగా లక్క అద్దుతారు, ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటి నుంచి రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ సహజ రంగుల పనికి సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నోట్లో పెట్టుకున్నా భయం లేదు.

ఐఎస్‌ఐ వాదన చేసేవాళ్లకి ఒక మాట. 2020లో వచ్చిన బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ అందులో మినహాయింపు ఉంది. గుర్తు లేనంత మాత్రాన దొంగ సరుకు కాదు.

కొలతబద్ద:
మినహాయింపు ఉందంటే పరీక్ష నెగ్గిందని కాదు కదా లక్కపిడత గారూ. లక్క, సహజ రంగుల విషయంలో మీతోనే ఉన్నా. కానీ గిలక పిడి కొస సన్నగా ఉంటే అంగిట్లోకి పోతుంది, రంగుకీ దానికీ సంబంధం లేదు. గిలక్కాయకి ప్రత్యేకంగా ఒక పలక ఉంటుంది, అందులో 50, 35 మి.మీ. కొలతల కోలకన్నం, మందం 30 మి.మీ. గిలక ఏ కొసా ఆ మందం దాటి అవతలికి పొడుచుకు రాకూడదు. కొనేముందు పిడి చివర లావు చూడండి, చివరి పూస విడిగా అతికించిందా, కర్రలోంచే తీసిందా అన్నది చూడండి. ఆ ఉత్తర్వు కూడా అమ్మే సరుకుకి సంబంధించింది, ఇంట్లో మన పిల్లకి కుట్టుకున్న బంతికి కాదు. ఇక్కడ రెండు పక్షాలూ ఆ కాగితాన్ని అక్కర్లేని చోట ఊపుతున్నాయి.

శుభ్రం చేసే సంగతి కూడా చెప్పాల్సింది మీరు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్ రాస్తే రంగు జిగటగా చేతికి అంటుకుంటుంది. వేడినీళ్లలో వేస్తే పైపూత తెల్లబారుతుంది. తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టడమే.

చింతపిక్క:
మరి కొండపల్లి బొమ్మలు?

లక్కపిడత:
అవి కొలువులో పెట్టుకోవడానికి. తెల్ల పొణికి చాలా తేలిక కర్ర, గోరు గుచ్చినా సొట్ట పడుతుంది. చేతులు, తలపాగా, కుండ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నీరు తగిలితే ఆ అతుకు నిలవదు. ఐదేళ్లు దాటిన పిల్లకి కథ చెప్పడానికి బ్రహ్మాండం, పళ్లొచ్చే పిల్లకి మాత్రం వద్దు.

గోదారిగట్టు:
కొబ్బరాకు బూర, కొబ్బరాకు వాచీ, తాటాకు గాలిమర సంగతేంటి? ఖర్చు లేదు, ప్లాస్టిక్ లేదు, జిగురు లేదు.

కుట్టుమిషను:
నాలుగేళ్లు దాటితే మహా బాగు, పక్కన పెద్దవాళ్లుండాలి. తాటాకు అంచు ఎండేకొద్దీ పదునెక్కుతుంది. గాలిమరకి ఇరుసుగా పెట్టే తుమ్మముల్లు అసలు సమస్య.

పాతసామాన్లు_కొంటాం:
అరవింద్ గుప్తా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చింది చెత్తతో బొమ్మలు చేయించినందుకే కదా! అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పాత సీసాలు. ఆ లెక్కన ఆయన బొమ్మలన్నీ ప్రమాదమేనా?

కొలతబద్ద:
ఆయన బొమ్మలు బడి పిల్లల సైన్సు కోసం. అగ్గిపుల్ల, వాల్వ్ ట్యూబు ముక్క, బెలూన్ ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో పాఠం. అవే తొమ్మిది నెలల పిల్ల చేతిలో, ముఖ్యంగా పగిలిన బెలూన్ ముక్క, చాలా చెడ్డవి. మన గొడవ చెత్త గురించి కాదు, వయసు గురించి. మూడేళ్లు నిండాక, ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే అలవాటు లేకపోతే, మీ మొదటి సీసా గిలక్కాయకి నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఆ వయసులో గిలక్కాయ ఎవరికి కావాలన్నది వేరే ప్రశ్న. పాత మ్యూజిక్ కార్డులు, మెరిసే బొమ్మలు విప్పి చేసేవాటికి మాత్రం ఏ వయసులోనూ సడలింపు లేదు. అందులో బటన్ సెల్ ఉంటుంది. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోపే కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

పాతసామాన్లు_కొంటాం:
జాడీ దొర్లుడు గిలక ఒప్పుకున్నా, పింగ్‌పాంగ్ బంతి తీసేశా. చిన్న సీసా మాత్రం అప్పుడే వదలను. ఎందుకంటే మీరు చెప్పినట్టే పెళ్లికార్డుతో గొట్టం చేశా. నీళ్ల సీసా మూత అందులో దూరట్లేదు. పైనే ఆగిపోయింది. ఏమంటారు?

కొలతబద్ద:
అట్ట అంచులు ఎలా కలిపారు?

పాతసామాన్లు_కొంటాం:
ఒకదాని మీద ఒకటి సెంటీమీటరు ఎక్కించి ఫెవికాల్‌తో అతికించా. గట్టిగా ఉంటుందని.

కొలతబద్ద:
అదే. ఆ సెంటీమీటరు పోతే చుట్టుకొలత 9 సెం.మీ., వ్యాసం 28.6 మి.మీ.కి పడిపోయింది. పది రూపాయల నాణెం 27 మి.మీ., దాన్ని లోపల వేసి చూడండి. మీ గొట్టంలో దాదాపు బిగుతుగా కూర్చుంటే గొట్టం తప్పు, రెండువైపులా కలిపి అర సెంటీమీటరు ఖాళీ కనిపిస్తే సరైనది. విప్పి, అంచుకి అంచు ఆనించి బయట టేపు వేసి, మూత మళ్లీ వేయండి.